బీరు డేగిసాకు వాషరు

శనివారం, టాంపినీస్

బీరు కాయడానికి బిర్యానీ డేగిసాకు కన్నం పెట్టి కుళాయి బిగించేసరికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. వేలు కూడా తెగింది. ఇవాళ జురాంగ్ ఈస్ట్‌లో మా తోడల్లుడు రమణ తన ఆఫీసు వాళ్లకు నా బీరు పోస్తూ, "అంతా నేనే చేశా, డేగిసాతో సహా," అన్నాడు, నా ఎదుటే. వాళ్లు వచ్చే వారం కాచి చూపించమన్నారు.

పక్కకొచ్చి, "డేగిసా ఒకసారి పంపు తమ్ముడూ," అన్నాడు.

"అలాగే అన్నయ్యా."

ఇంటికొచ్చి డేగిసా తోమి, తుడిచి సంచిలో పెట్టాను. కుళాయి లోపలి రబ్బరు వాషరు మాత్రం తీసి నా సొరుగులో దాచాను. అది లేకపోతే పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతాయి. ఈ సంగతి మా ఆవిడకు తెలిస్తే వాళ్లక్కకు చెప్పేస్తుందేమో...

అతను ఫోన్ చేస్తే అనాల్సిన మాట సిద్ధంగా ఉంది. "మీరు చేసిందే కదా అన్నయ్యా, మీకు తెలియదా?"