కళ్ళు మూసుకోని ఒడెస్సా

ఫిబ్రవరి 3, సోమవారం

మళ్ళీ గిన్నె మోగించింది. మా డైరెక్టర్ హెలెన్ బల్ల మీద ఓ ఇత్తడి గిన్నె ఉంటుంది. కర్రతో మోగిస్తే ఆ మోత ఆగేదాకా ఎవరూ నోరు మెదపకూడదు, కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టాలి. మా కౌన్సెలింగ్ సెంటర్లో జాతివివక్ష పోగొట్టుకోవడానికి నేర్చుకున్న మైండ్‌ఫుల్‌నెస్ ఇది. మంచిదే. కానీ నేను నల్లవాళ్ళ ఊసెత్తినప్పుడల్లా అది మోగుతుందేం? ఇవాళ ఒక్కటే అడిగాను, నల్ల క్లయింట్లు ఒకసారి వచ్చి మళ్ళీ ఎందుకు రావట్లేదని. టంగ్. అందరూ ప్రశాంతంగా కళ్ళు మూసుకున్నారు. ఇక్కడ నల్లదాన్ని నేనొక్కదాన్నే. పళ్ళు నూరుతూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 6

తోటి కౌన్సెలర్ గ్రెచెన్ వద్దనుకున్న క్లయింట్‌ని నాకు అంటగట్టారు. ఒడెస్సా ప్రూయిట్, మిల్వాకీ సిటీ బస్సు డ్రైవర్. ఓ తెల్ల ప్రయాణికుడు తిట్టరాని తిట్టు తిట్టి ఆవిడ మొహాన ఉమ్మాడు. ఆవిడ బస్సు ఆపి వాణ్ణి దింపేసింది. వాడికేమీ కాలేదు, బస్సు కంపెనీ కౌన్సెలింగ్‌కి పంపింది మాత్రం ఈవిడని! మేం సరేనని రాస్తేనే మళ్ళీ స్టీరింగ్ పట్టుకునేది.

గ్రెచెన్ రాసింది చదివాను. కళ్ళు మూసుకోమంటే మూసుకోలేదట. అనుమానపు మనిషట. డ్యూటీకి పనికిరాదట. సోమవారం హెలెన్ సంతకం పెడితే ఆవిడ ఉద్యోగం పోయినట్టే.

ఆవిడ వచ్చి కూర్చోగానే, ఎందుకు మూసుకోలేదండీ అని అడిగాను.

"తలుపుకి వీపు పెట్టి కూచోబెట్టి, ముక్కూమొహం తెలీని పిల్ల కళ్ళు మూసుకోమంటే మూసుకుంటానా తల్లీ? మా అమ్మ నన్నలా పెంచలేదు. పైగా బస్సు నడిపేదాన్ని."

ఇద్దరం నవ్వాం. ఆవిడ వెళ్ళాక ఒళ్ళు మండిపోయింది.

ఫిబ్రవరి 7

గ్రెచెన్‌తో మాట్లాడాను. మెల్లగానే. ఏడ్చేసింది. తను అలాంటి మనిషి కాదట, నా గొంతు తనని గాయపరిచిందట. ఓదార్చడానికి ముగ్గురు పరిగెత్తుకొచ్చారు, ఒకరు టీ కూడా పెట్టిచ్చారు. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడమంటే ఇదే.

ఫిబ్రవరి 9

ఊపిరి పీల్చాను. వదిలాను. కోపం పోలేదు. పోనక్కర్లేదు.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం

మీటింగ్‌లో ఒడెస్సా రిపోర్టు హెలెన్ ముందుంది. హెలెన్ పెన్ను తీస్తుంటే నేను గిన్నె తీసుకున్నాను. ఈసారి నేను నడిపిస్తానన్నాను. అందరూ కళ్ళు తెరిచే ఉండాలి, నన్ను చూస్తూ. కాదనలేకపోయారు, ఎలా కాదంటారు? మోగించి, ఒడెస్సా నాతో అన్నది అన్నట్టుగా చెప్పాను. ఒంట్లో ఎక్కడ బిగుసుకుంటోందో గమనించమన్నాను, గొంతులోనా, పొట్టలోనా. పారిపోకుండా అక్కడే ఉండమన్నాను. అసలు ఈ సాధన ఉన్నది అందుకేగా.

హెలెన్ చూపు కిటికీ వైపు పోయింది. గ్రెచెన్ కళ్ళు నిండాయి. ఎవరో టిష్యూల పెట్టె కోసం చెయ్యి చాచారు. వద్దన్నాను. హెలెన్ కర్ర అడిగింది. ఇవ్వలేదు. మోత ఎప్పుడో ఆగిపోయింది, ఎవరూ కదల్లేదు.

అప్పుడంది గ్రెచెన్, "భయమేసింది. ఆవిడ నన్నే చూస్తుంటే నాకు భయమేసింది."

మరి ఆవిడకి అనుమానమని ఎలా రాశావని అడిగాను. తనే కాగితం వెనక్కి లాక్కుని, రాసింది కొట్టేసింది. ఇన్నాళ్ళూ ఊపిరి పీల్చీ పీల్చీ, ఒక్క నిజం మాట. నాకు జాలెయ్యలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు.

మార్చి 4

మంచు. బస్సెక్కాను. స్టీరింగ్ దగ్గర ఒడెస్సా. సెంటర్ బయట క్లయింట్ పలకరిస్తేనే మేం పలకరించాలి, అది మా వృత్తి నియమం. ఆవిడ పలకరించలేదు, అద్దంలో ఒకసారి చూసింది.

వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాను.