కుట్టుపని తెలిసినవారికి మాత్రమే

సోమవారం

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరాను. ఫోన్ చేస్తే నేను అరవాలి, నువ్వు "ఆఁ, ఏంటీ" అనాలి, వీధిలో వాళ్లందరూ మన ఇంటి సంగతులు వినాలి. నీ చెవి సంగతి నాకు తెలియనిదా? అందుకే ఉత్తరం రాస్తున్నాను. రెండు రోజుల్లో చేరుతుందట.

ఈ రాజధానిని చూస్తే కళ్లు తిరుగుతాయి, ధరలు చూస్తే మనిషే తిరిగి ఇంటికి వెళ్లిపోవాలి. స్టేషన్ బయట ఒక కప్పు టీ తాగాను. మనం మూడు ప్యాంట్లకి అంచులు మడిచిన కూలి అందులో పోయింది. రెండో కప్పు దగ్గర వాసన మాత్రం చూసి వచ్చేశాను. అయినా నన్ను ఊరికే బొంగరం అంటావా నువ్వు? ఒక్క పూటలో తిరిగి కిటుకులన్నీ పట్టేశాను. మ్యూజియంలో పొద్దున్న మొదటి గంట టికెట్ లేదు. నగరపాలక భవనం లిఫ్టులో పై అంతస్తుకి ఎవరైనా వెళ్లొచ్చు, అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుంది. రొట్టెల దుకాణం మూసే ముందు అన్నీ సగం ధరకే ఇస్తారు. బస్సెక్కకుండా కాళ్లనే నమ్ముకున్నాను.

ఇక గది సంగతి, తిట్టకుండా చదువు. నేను ముందే రాసిపెట్టుకున్న సత్రంలో నా మంచం వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఏం చేయాలో తోచక స్టేషన్లో నిలబడితే నోటీసు బోర్డు మీద చిన్న చీటీ కనిపించింది. "గది ఉంది. కుట్టుపని తెలిసిన స్త్రీకి మాత్రమే." అక్కా, ఇది నాకోసమే రాసినట్టు లేదూ?

కాగితాలూ పెన్నులూ అమ్మే కొట్టు పైన నాలుగో అంతస్తు. ఇంటావిడ పెద్దది, ఒంటరిది, మాట మెత్తన. అద్దె ఎంతో చెప్తే నవ్వుతావు, అంత తక్కువ. ఒకటే షరతు. బీరువా నిండా ఆవిడ కూతురి బట్టలున్నాయి. రోజూ సాయంత్రం అందులో ఒకటి వేసుకుని ఆవిడతో టీ తాగాలి. "ఒంటిమీదకి రాని బట్ట చచ్చిపోతుందమ్మా" అంది. అది మనమూ అనే మాటేగా. మీ అమ్మాయి ఎక్కడ అని అడిగాను. "బయటికెళ్లింది, వస్తుంది" అంది.

ఈరోజు నీలం గౌను వేసుకున్నాను. నాకు బాగా వదులు. రెండు పక్కలా పట్టి కుట్టుకుని కూర్చున్నాను. టీ మాత్రం అద్భుతం, పైగా ఊరికే.

వచ్చే బుధవారం మధ్యాహ్నం రైలు. చవక టికెట్ కదా, తప్పిపోతే డబ్బు గంగలో కలిసినట్టే. కచ్చితంగా ఎక్కుతాను.

నీ బొంగరం


బుధవారం

ప్రియమైన బొంగరానికి,

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకానివని నాకు ముందే తెలుసు. ముక్కూ మొహం తెలియనావిడ ఇంట్లో, ఆవిడ కూతురి గౌనులో కూర్చుని టీ తాగుతున్నావా? ఆ పిల్ల ఎక్కడికి వెళ్లింది, ఎప్పుడు వెళ్లింది? అడగవేం? కబుర్లు చెప్పడం మాత్రం బాగా వచ్చు నీకు.

సరే, గది దొరికింది, సంతోషం. కానీ ఒక పని చెయ్యి. ఆ గౌను పక్క కుట్లు విప్పి లోపల చూడు. మనిషి నోటితో అబద్ధం చెప్తాడు కానీ బట్ట లోపలివైపు చెప్పదు. అది నీకు నేర్పింది నేనే.

ఇక్కడ అంతా మామూలే. బ్యాంకు గుమస్తా భార్య తన నడుం పెళ్లినాటి కొలతే అని పంతం పట్టి పాత కొలతకే కుట్టించుకుని వెళ్లింది, సాయంత్రానికల్లా గుడ్డ చంకలో పెట్టుకుని తిరిగొచ్చింది. నువ్వుంటే పగలబడి నవ్వేదానివి. ఒక్కదానికి వంటేమిటని రొట్టె ముక్క తిని పడుకుంటున్నాను. నాకేం, బాగానే ఉన్నాను. రైలు తప్పిపోనివ్వకు.

నీ అక్క


శుక్రవారం

ప్రియమైన అక్కకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. నేను వేసిన కుట్టు విప్పి, గౌను తిరగేసి, కిటికీ వెలుగులో చూశాను. పక్కల్లో పాత సూది రంధ్రాలున్నాయి అక్కా, వరసలు వరసలుగా. ఒకటి మిషను కుట్టు, ఒకటి చేతికుట్టు, ఇంకొకటి ఎడమచేతి వాటం మనిషిది. ఏడుగురి చేతులు లెక్క తేలాయి. ఒక్కొక్కళ్లూ తమ ఒంటికి తగ్గట్టు బిగించారు, తర్వాత విప్పేశారు. చివరికి అన్నీ ఒకే కొలతకి వచ్చి ఆగాయి, ఆ పిల్ల కొలతకి. బీరువాలో అన్ని బట్టలదీ ఇదే కథ.

ఇంటావిడని అడిగితే దాచలేదు. "అందరూ మొదట బిగించుకుంటారమ్మా. అంతవరకు అతిథులే. తర్వాత వాళ్లే విప్పుకుంటారు" అంది, చక్కెర కలుపుతూ. ఆ మాట వినగానే సూది అందుకున్నాను. కానీ అప్పటికే టీ వేళ అయింది, గౌను విప్పి ఉంది, మళ్లీ కుట్టే తీరిక లేదు. అలాగే వేసుకున్నాను.

సరిపోయింది. వదులు లేదు. టేపు పెట్టి చూసుకున్నాను, నడుం దగ్గర మూడంగుళాలు పెరిగాను. సగం ధర రొట్టెలు తిని నాలుగు రోజుల్లో ఎవరైనా అంత లావవుతారా?

ఈరోజు మ్యూజియానికి వెళ్దామనుకున్నాను, వెళ్లలేదు. నిన్న కూడా ఎటూ వెళ్లలేదు. కింద కాగితాల కొట్టాయన మెట్ల దగ్గర పలకరించి "ఏమ్మా, చాన్నాళ్లకి కనిపించావ్, మీ అమ్మ నీకోసం బెంగ పెట్టుకుంది" అన్నాడు. కాదని చెప్పాలని ఆ క్షణంలో తోచలేదు. ఇంటావిడ ఒక పేరు పెట్టి పిలుస్తుంది, నేను పలుకుతున్నాను. వాళ్ల వంటింట్లో చెంచాలు ఏ సొరుగులో ఉంటాయో అడక్కుండానే తీశాను.

భయపడాలి కదా? భయం కొంచెమే ఉంది. ఇక్కడ చాలా నెమ్మదిగా, హాయిగా ఉంది.

ఒకటి అడుగుతాను, నవ్వకు. మన కొట్టు తలుపు రంగు ఆకుపచ్చా, నీలమా?

నీ
బొంగరం


సోమవారం

ప్రియమైన బొంగరానికి,

మన కొట్టుకి తలుపే లేదు. ఇనుప షట్టరు. పంతొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్న చెరో పక్కా పట్టుకుని మనిద్దరం ఎత్తుతాం. నువ్వు రోజూ వేలు నలిగిందని గోల చేస్తావు.

తప్పు నాదే. కుట్లు విప్పమన్నది నేనే. నువ్వు బిగించుకుని ఉన్నంతసేపూ నువ్వుగా ఉన్నావు, నేను విప్పించాను. కుట్టుపని చేసేవాళ్లం కాకపోతే ఈ బుద్ధి ఎవరికి పుడుతుంది? ఇప్పుడు నా మాట విను. ఆ గౌను ముట్టుకోకు. టీ వద్దు. ఆవిడ ఏ పేరుతో పిలిచినా పలకకు. నీ బట్టలు వేసుకుని పెట్టె పట్టుకుని మెట్లు దిగు. ఈ ఉత్తరం బుధవారం పొద్దున్న చేరుతుంది, రైలు మధ్యాహ్నం. సమయం ఉంది.

నాకు నువ్వు తప్ప ఎవరున్నారే? వచ్చెయ్యి తల్లీ.

నీ అక్క


గురువారం

గౌరవనీయులైన మీకు,

మీరు రాసిన ఉత్తరం అందింది. అడ్రసు మాదే కానీ లోపల విషయం నాకు సంబంధించింది కాదు. అమ్మకి చూపిస్తే, కుట్టుపని చేసే ఒక అమ్మాయి మా గదిలో అద్దెకుండేదని, వెళ్లిపోయిందని చెప్పింది. ఆమె మీ చెల్లెలు కావచ్చు. మీ ఆదుర్దా చదివి నాకూ బాధ వేసింది.

ఆమె పెట్టె ఇక్కడే ఉండిపోయింది. అందులో బట్టలు మరీ చిన్నవి, నాకు పట్టవు. వీలున్నప్పుడు వచ్చి తీసుకెళ్లగలరు. సాయంత్రం అయితే మేమిద్దరం ఇంట్లోనే ఉంటాం. టీ తాగి వెళ్లవచ్చు.

ఇట్లు,
ఇంటివారి అమ్మాయి


మంగళవారం

ప్రియమైన బొంగరానికి,

ఈ ఉత్తరం నువ్వు చదివేసరికి ఇంట్లో ఉంటావు. నీకు ఏం గుర్తుంటుందో, ఏం ఉండదో తెలియదు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శనివారం నీ ఉత్తరం అందింది. షట్టరు ఒక్కదాన్నే దించి ఆ పూటే రైలెక్కాను. నిన్న మధ్యాహ్నం ఇక్కడికి చేరాను. తలుపు నువ్వే తీశావు. "పెట్టె కోసం వచ్చారా?" అని అడిగావు. నా మొహంలోకి చూస్తూ అడిగావు. నిన్ను ఆరేళ్లప్పటి నుంచి పెంచాను, అలాంటి చూపు ఎన్నడూ ఎరగను.

ఏడవలేదు. పెట్టె తెరిచి నీ పూల చొక్కా తీశాను. నీకు బిగుతయింది. అక్కడే కూర్చుని పక్క కుట్లు విప్పి, లోపలి గుడ్డ ఎంతుంటే అంతా వదిలి, నీ కొత్త కొలతకి కుట్టాను. వేసుకోమన్నాను. పరాయిదాని మొహమాటంతో లోపలికెళ్లి తొడుక్కుని వచ్చావు. చివరి బొత్తాలు పెడుతుంటే నీ చెయ్యి ఆగింది. "షట్టరు" అన్నావు. నాకు అది చాలు.

ఇంటావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. దెబ్బలాడటానికే సిద్ధపడి వెళ్లాను నేను. ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది. "ఇద్దరూ వెళ్లండమ్మా. నేనెవర్నీ కట్టేయను. ఉంటామన్నవాళ్లే ఉంటారు" అంది. అది నిజం. తలుపుకి గడియ కూడా లేదు.

సాయంత్రం రైలుకి రెండు టికెట్లు కొన్నాను. రెండు. అది గుర్తుపెట్టుకో. నిన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎదురు సీటు పెద్దావిడకి అప్పగించి, మంచినీళ్లు తెస్తానని దిగాను. నీళ్ల సీసా నా చేతిలో నిండుగానే ఉంది. రైలు కదిలింది. నువ్వు నన్ను చూసి చెయ్యి ఊపావు, ఎవరో తెలిసీ తెలియనట్టు.

నీకోసం నన్ను నేను ఇచ్చుకున్నానని అనుకుంటావు. ఊళ్లో అందరూ అదే అంటారు, అక్కంటే అదీ అంటారు. వాళ్లని అననీ, నువ్వు మాత్రం అనుకోకు. నువ్వు చొక్కా మార్చుకోవడానికి లోపలికెళ్లినప్పుడు ఇంటావిడ నా దగ్గరికొచ్చి, "ఎప్పుడు తిన్నావ్? మొహం అలా పీక్కుపోయిందేం?" అని అడిగింది. అంతే. అమ్మ పోయినప్పుడు నాకు పధ్నాలుగేళ్లు. మర్నాటి నుంచే నేను నీకు అమ్మనయ్యాను. ఎవరికీ కూతుర్ని కాలేదు. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ముప్పై ఏళ్లయింది. నువ్వు మంచిదానివే, కానీ పిల్లలు అడగరు, అది పిల్లల తప్పూ కాదు.

స్టేషన్ నుంచి నడుచుకుంటూ వచ్చాను. మెట్లెక్కుతుంటే ఎవరూ లాగలేదు, తొయ్యలేదు. బీరువా నేనే తెరిచాను. నీలం గౌను ఎక్కడా బిగుతు లేదు, ఎక్కడా వదులు లేదు. దానికి సూది ముట్టించే పనే లేదు.

సిగ్గుగా ఉంది రాయడానికి. నిన్ను వదిలి సుఖపడుతున్నందుకు క్షమించు.

కొట్టు నడుపుకో. నీ చొక్కా కొన్నాళ్లలో మళ్లీ వదులవుతుంది, అప్పుడు బిగించుకో. నన్ను వెతుక్కుంటూ రాకు. వస్తే తలుపు నేనే తీస్తాను, మర్యాదగా కూర్చోమంటాను, అది నువ్వు తట్టుకోలేవు.

ఇందాకటి నుంచి నీ మొహం గుర్తు చేసుకుంటూ రాస్తున్నాను. నీ కళ్లు గుర్తొస్తున్నాయి, నీ నవ్వు గుర్తొస్తోంది, నీ గొంతు గుర్తు రావడం లేదు. అందుకే ఇక్కడితో ఆపేస్తాను. పక్క గదిలోంచి అమ్మ పిలుస్తోంది, ఈ చెవికి వినిపిస్తోంది.

ఇంకాసేపటి వరకు,
నీ అక్క