ఖంగుమన్న ప్లగ్గులు

దబీర్‌పురా,
12-6-1974

బాపూ,

గుండయ్య దండాలు. ఒంట్లో బాగుంది, నా గురించి ఫికర్ పడకు.

మా మెకానిక్ షెడ్డుకు రెండు సీట్ల పాత రేసు కారొకటి వచ్చింది. ఆవంలోంచి అప్పుడే తీసిన కుండంత ఎర్రగా ఉంది. పదేళ్లుగా కదల్లేదట. దాని స్పార్కు ప్లగ్గులు ఏ దుకాణంలోనూ లేవు. ఖాదర్ ఉస్తాద్ నన్ను జుమ్మేరాత్ బజారుకు తీసుకుపోయాడు. పాత సామాను కుప్పల్లో వెతికితే, మర పొడవు సరిపోయేవి పది దొరికాయి. నేను మెరిసేవి నాలుగు ఏరాను.

"చమక్ చూడకు బేటా, ఆవాజ్ విను. పింగాణీల పగులుంటే నిప్పు పక్కకు పోతది. నా చెవులు పోయినయి, నువ్వే విను" అన్నాడు.

నువ్వు కుండను మీటి చూసినట్టు గోటితో మీటితే, మెరిసేవాటిలో మూడు పగిలిన కుండలా పలికాయి. కంటికి గీత కూడా కనబడలేదు బాపూ! మిగిలిన మెరిసేదొకటి, మసిబారిన వాటిలో మూడు ఖంగుమన్నాయి.

నిన్న ఆ నాలుగూ బిగించి తాళం తిప్పగానే కారు ఉరిమింది. గల్లీ అదిరింది.

"గీ చెవి యాడ నేర్చినవ్ రా?" అన్నాడు ఉస్తాద్.

ఇన్నాళ్లూ షెడ్డులో నీ పని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. నిన్న అందరి ముందూ చెప్పాను, "మా బాపు కుండలు చేస్తడు" అని.

చెల్లె నీలమ్మకు జ్వరం తగ్గిందా? వానలకు ముందే ఆవం మీద కప్పు వేయించు. అమ్మకు దండాలు.

ఉస్తాద్‌కు ఒక కూజా కావాలట. నీ చేతిదైతే మీటి చూడక్కర్లేదన్నాడు.

నీ కొడుకు
గుండయ్య