తొమ్మిది బై తొమ్మిది

సోమవారం, ఉదయం 6:00
ఈరోజు నుంచి లెక్కలు! రోజుకి పది. కొత్త డైరీ, కొత్త పెన్ను. కుట్టాల్సిన బట్టలన్నీ మిషను మీంచి పక్కకి.

అంతా మా ఆడపడుచు వల్లే. లెక్కల టీచరు. నిన్న ఫోన్లో, "పిల్లకి ఆవర్తిత దశాంశాలు రావట్లేదట కదా వదినా, సెలవులన్నీ నా దగ్గర ఉంచు, నేర్పిస్తా" అంది. సెలవులన్నీనా! నా కూతురు లేకుండా ఈ ఇంట్లో ఎవరితో పోట్లాడను? ఒళ్ళు మండి, "నేనే నేర్పిస్తాలే, అదెంత పని" అనేశాను. "అయితే ఆదివారం వచ్చి నిన్ను ఒక్క ప్రశ్న అడుగుతా. చెప్తే పిల్ల నీ దగ్గరే" అంది.

ఆవర్తిత దశాంశం అంటే ఏంటో ఇప్పుడు చూడాలి.

7:30
వచ్చేసింది! ఒకటిని మూడుతో భాగిస్తే 0.333… మూళ్ళు ఆగవు. ఇది ఎప్పటికీ ఇలాగే తిరుగుతుంది అని చెప్పడానికి అంకె తలమీద గీత గీస్తారట. దీన్ని భిన్నం చెయ్యాలంటే ఎక్స్ అనుకోవాలి. పదితో గుణిస్తే 3.333… అందులోంచి ఎక్స్ తీసేస్తే తోకలు రెండూ ఎగిరిపోతాయి! తొమ్మిది ఎక్స్‌లు మూడు. ఎక్స్ మూడో వంతు. వేలాడే దారాలు కత్తిరించినంత హాయి!

మంగళవారం
అడ్డదారి దొరికింది! తిరిగే అంకె పైన, తొమ్మిది కింద. రెండంకెలు తిరిగితే కింద రెండు తొమ్మిదులు. 0.2727… అంటే 27 బై 99, అంటే 3 బై 11. ఆయనకి చూపించాను. పేపరు దించకుండా "ఊఁ" అన్నారు. పిల్లకి చెప్పాను, ఠక్కున పట్టేసింది. నా పోలికే!
లెక్కలు: నాలుగు. శ్రద్ధగా చేసిన నాలుగు పదితో సమానం.

బుధవారం
0.1666… ఇందులో ఒకటి తిరగదట, ఆరే తిరుగుతుందట. ఇలాంటివి కూడా ఉంటాయని ముందే చెప్పొద్దూ? మూడుసార్లు చేశాను, మూడు జవాబులు. పిల్ల వెనకనుంచి తొంగి చూసి, "ఆరో వంతమ్మా" అని నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయింది.
లెక్కలు: సున్నా. రేపటి నుంచి గట్టిగా.

గురువారం
మిషను సూది విరిగింది. సూది విరిగిన రోజు ఎవరైనా లెక్కలు చేస్తారా? రేపటి నుంచి.

శుక్రవారం
తలనొప్పి. ఎవరిదో గౌను కొలతలు రాసుకున్నాను: నడుము 34, చేతులు 11. ఇవీ అంకెలేగా. రేపటి నుంచి.

శనివారం, సాయంత్రం
ఆడపడుచుకి జ్వరం రావచ్చు. ఆమెకి రాకపోతే నాకు రావచ్చు. థర్మామీటరు పెట్టుకు చూశాను. నార్మల్. ఖర్మ!
పిల్ల సూట్‌కేసు అటక మీద వెనక్కి తోసి, అడ్డంగా డబ్బాలు పెట్టాను.

ఆదివారం
వచ్చింది. సంచి కింద పెట్టకుండానే, "0.999… భిన్నం చెప్పు వదినా."
"తొమ్మిది బై తొమ్మిది. అంటే ఒకటి!"
అందరూ నా మొహం చూశారు. సున్నాతో మొదలైంది ఒకటెలా అవుతుంది? "కాదు కాదు, ఒకటికి కొంచెం తక్కువ" అన్నాను.
"అయ్యో వదినా, మొదట చెప్పిందే రైటు. తక్కువైతే ఎంత తక్కువో చెప్పు?"
ఏమీ తక్కువ లేదు. చేతికొచ్చిన పిల్లని చేజేతులా ఇచ్చేశాను. అందరిముందే ఏడుపొచ్చేసింది.
పిల్ల నా పక్కకొచ్చి నిలబడింది. "అత్తా, అమ్మ ఒకసారి రైటే చెప్పిందిగా."
ఆడపడుచు కాస్త మెత్తబడింది. "సరే, సగం సెలవులు నా దగ్గర."
"మూడో వంతు," అంది పిల్ల.
"బేరాలు బాగానే నేర్చావే! సరే, మూడో వంతు."
నేను వెంటనే తలూపాను. 0.333… అని ఉంటే ఒప్పుకునేదాన్నే కాదు. రెండూ ఒకటేనని తెలుసు, అయినా సరే.

సోమవారం, ఉదయం 6:00
సూట్‌కేసు అటక దిగింది. పిల్ల తిరిగొచ్చేసరికి నేనే ఆడపడుచుని ప్రశ్న అడుగుతాను. రోజుకి పది లెక్కలు, రేపటి నుంచి!

పాత పేజీలు తిరగేశాను. బుధవారం, గురువారం, శుక్రవారం: "రేపటి నుంచి" అన్న ప్రతిచోటా తలమీద పెన్సిలు గీత, ఆగని మూళ్ళకి గీసినట్టు. ఈ ఇంట్లో పెన్సిలు ఎవరి దగ్గరుంటుందో నాకు తెలియదా!

ఇవాళ్టి దానిమీద గీత నేనే గీసేశాను.