వేళ్ళతో బాణం వదిలినవాడి ఆస్తి పంపకం

మిషిగన్ రాష్ట్రం, హౌటన్ కౌంటీ, కివియార్వి పల్లెలో ఉంటున్న రైనో కాంగస్ అనే నేను, ఎనభై ఒకటో ఏట, కళ్ళజోడు పెట్టుకుని, కాఫీ తాగి, మతి సరిగ్గా ఉండగా, వెనక నిలబడి ఎవరూ చెప్పకుండా, నా సొంత చేత్తో వ్రాసుకుంటున్న వీలునామా ఇది. నా తదనంతరం ఏది ఎవరికి చెందాలో ఇందులో ఉంది. నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను. కోర్టు మాటలు కొన్ని పాత కాగితం చూసి వ్రాశాను. మిగతావి నావి.

1. నేను 1994లో వ్రాసిన వీలునామా ఇందుమూలంగా పూర్తిగా రద్దు. అందులో నాలుగో అంశం ఇలా ఉంది: "నా తమ్ముడు ఓయివా కాంగస్‌కు ఏమీ చెందదు, ఒక్క బాణం కూడా." ఆ వాక్యం కొట్టేయడానికే ఈ కొత్త కాగితం. అది ఉండగానే పోతానేమోనని నెల రోజులుగా భయపడ్డాను. ఇప్పుడు ఆ భయం లేదు.

2. ఈ కాగితం అమలు జరిపే బాధ్యత ఓయివా కూతురు మార్లిస్‌ది. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది, ఎవరితోనైనా మాట్లాడగలదు. నేనూ ఓయివా మాట్లాడుకోని ముప్పై మూడేళ్ళూ రెండిళ్ళకీ వచ్చిపోయింది ఆమె ఒక్కతే. "పెదనాన్నా, మీ ఇద్దరికీ కలిపి ఒకటే నోరు, అదీ నాదే" అనేది. ఇక ఆమె నోటికి కాస్త విశ్రాంతి.

3. ఇల్లు, నలభై ఎకరాల అడవి, వెనకున్న సౌనా అనే ఆవిరి స్నానాల గది, పోయిన మా ఆవిడ ఐలి పాత గుడ్డలతో తివాచీలు నేసిన మగ్గం, ఇవన్నీ సర్వహక్కులతో మార్లిస్‌కు. ఒకటే షరతు. శనివారం శనివారం ఓయివా వచ్చి ఆ సౌనాలో ఆవిరి పట్టుకునే హక్కు వాడు బతికున్నంత కాలం ఉంటుంది. ఆవిరిలో ఒంటికి తట్టుకునే బర్చ్ చెట్టు మండల కట్ట వాడే తెచ్చుకోవాలి. వాడు పొయ్యి మీద కాలే రాళ్ళ మీద నీళ్ళు మరీ ఎక్కువ పోస్తాడు. పోయనీయండి.

4. షెడ్డులో ఉన్న పని బల్ల, విల్లు బిగించే పట్టుకర్ర, నారి బిగువు చూసే తూకం, లెక్కలు వ్రాసుకున్న పుస్తకం మా ఊరి విలుకాళ్ళ క్లబ్బుకు. ఎందుకిస్తున్నానో చెప్పాలి. మార్లిస్ విల్లు పట్టదు కాబట్టి వివరంగా వ్రాస్తున్నాను.

రెండు కొసలా చిన్న చక్రాలుండే విల్లు మా ఊరికి కొత్తగా వచ్చిన రోజుల నుంచి 1989 దాకా ఊళ్ళోవాళ్ళ విళ్ళన్నీ ఈ బల్ల మీదే సర్దాను. నారిని వేళ్ళతో వదిలితే అది వేళ్ళ కొసల మీంచి దొర్లి కాస్త పక్కకు జరిగి ముందుకు పోతుంది. బాణం మొదట మెలిక తిరిగి, తర్వాత తిన్నగా అవుతుంది. అందుకని బాణం ఆనే చువ్వను నారికి సూటిగా కాక కొంచెం ఎడమకు పెట్టాలి. మణికట్టుకు కట్టుకుని, మీట నొక్కి నారిని వదిలే ట్రిగ్గరు వాడేవాడికి ఇది పనికిరాదు. ట్రిగ్గరు నారిని సూటిగా వదులుతుంది, చువ్వ కూడా సూటిగానే ఉండాలి. వేళ్ళకు సర్దిన విల్లును ట్రిగ్గరుతో వదిలితే బాణం ఎడమకు పోతుంది. సంగతి అంతే.

1989 అక్టోబరులో ఓయివా కొత్త విల్లు తెచ్చాడు. సర్ది ఇచ్చాను. దేనితో వదులుతావని అడగలేదు. మా ఇంట్లో నాన్న దగ్గర్నుంచీ అందరం వేళ్ళతోనే. ఆ ప్రశ్న ఉంటుందనే నాకు తెలియదు.

మూడో రోజు చిత్తడి అడవిలో వాడి ముందుకు ఒక జింక వచ్చి, కుడివైపు తల పెట్టి నిలబడింది. భుజం వెనక గురిపెట్టిన బాణం ఎడమకు జరిగి పొట్టలో దిగింది. మూడు రోజులు ఇద్దరం మోకాళ్ళ మీద పాకుతూ ఆకుల మీద నెత్తుటి చుక్కలు వెతికాం. నాలుగో రోజు కాకులు చూపించాయి. జంతువును బాధపెట్టి వదలకూడదన్నది మా నాన్న మాకు నేర్పిన మొదటి మాట.

ఓయివా క్లబ్బులో అందరి ముందూ అన్నాడు. "నా చెయ్యి కాదు, మా అన్న సర్దుడు. చువ్వ ఎటు తిప్పాడో ఆయనకే తెలీదు." మర్నాడే ఆ విల్లు ఎవరికో అమ్మేశాడు. తీసి చూసుకోవడానికి కూడా లేకుండా పోయింది. నాకు మాట వెంటనే రాదు. నాలుగు రోజులకు వచ్చింది. అప్పటికి వినడానికి ఎవరూ లేరు.

నిజంగా నా చెయ్యే తప్పిందనుకున్నాను. ఆ తర్వాత ఎవరి విల్లూ ముట్టుకోలేదు. పుస్తకంలో అక్కడినుంచి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. చీకాకుతో కాదు, సిగ్గుతో.

క్రిందటి నెల పద్నాలుగున మధ్యాహ్నం ఓయివా వచ్చాడు. టోపీ కూడా తీయకుండా నా వంటింటి బల్ల మీద ఒక పాత ట్రిగ్గరు పట్టీ పెట్టాడు.

"అన్నా, ఆ జింకని వేళ్ళతో కొట్టలేదు. దీంతో కొట్టాను."

పట్టీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను.

"గురి కుదరకముందే వేళ్ళు వాటంతట అవే విడిపోయేవి. రెండేళ్ళు అంతే. నీకెలా చెప్పను? ట్రిగ్గరువాళ్ళని చూసి 'వీడు బాణం వేస్తున్నాడా, తలుపు గడియ తీస్తున్నాడా' అని పడీపడీ నవ్వింది నువ్వే కదా!"

చువ్వ సంగతి ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"నాలుగేళ్ళకి. అప్పట్నించీ మీ గేటుదాకా వచ్చి బండి వెనక్కి తిప్పుకుపోవడమే. ఎన్నిసార్లో! తిట్టాలంటే తిట్టు. గుండెకి గొట్టాలు వేసినప్పట్నించీ డాక్టరు తిడుతూనే ఉన్నాడు, అలవాటైపోయింది."

"కూర్చో, కాఫీ చల్లారిపోతుంది" అన్నాను.

"ఇంకా పొయ్యనేలేదు కదా అన్నా" అన్నాడు.

వాడు వెళ్ళాక కుర్చీలోనే రెండు గంటలు నిద్రపోయాను. పగటిపూట నిద్రపోయే అలవాటు నాకు లేదు.

వాడు నాలుగేళ్ళకు తెలుసుకుని ఇన్నేళ్ళు దాచడం తప్పు. ఆ నవ్విన నవ్వు నాది, అదీ తప్పే. ఇక్కడ వ్రాసి ఒప్పుకుంటున్నాను. రెండూ కలిపి ఒక జింక ప్రాణం, మా సగం బతుకు. కానీ నా చెయ్యి తప్పలేదు. ఈ వాక్యం వ్రాయడానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పోయిన వారం పక్క పొలం వెర్నన్ పెల్టో విల్లు తెచ్చాడు. ముందు అడిగాను, తర్వాతే చువ్వ మర ముట్టుకున్నాను. తెల్ల పేజీ మీద వాడి పేరు వ్రాశాను. క్లబ్బువాళ్ళు ఆ బల్ల ఎక్కడ పెట్టుకున్నా దాని పైన గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాయాలి: "వేళ్ళా, ట్రిగ్గరా? ముందు అడుగు." ఇది షరతు.

5. క్లబ్బుకు ఇంకేమీ ఇవ్వను. ముగ్గురమే మిగిలామని 2006లో వేళ్ళవాళ్ళ పోటీ ఎత్తేసి, మమ్మల్ని ట్రిగ్గరువాళ్ళతో కలిపి నిలబెట్టారు. మరుసటి ఏడు ఇద్దరమయ్యాం. నేను పోటీల్లో గెలిచిన పదకొండు కప్పులూ మార్లిస్ తీసుకుని టమాటా నారు పోసుకోవచ్చు. అడుగున చిల్లులు పెట్టాను.

6. నారి లాగేటప్పుడు వేళ్ళకు తొడుక్కునే తోలు ముక్క నా మూడు వేళ్ళ అచ్చుకే అరిగిపోయింది. ఇంకెవరి చేతికీ పట్టదు. సౌనా పొయ్యిలో వేయండి. దాచుకోవద్దు.

7. నా విల్లు, నలభై ఆరు అంగుళాలది, పన్నెండు బాణాలతో సహా నా తమ్ముడు ఓయివా కాంగస్‌కు సర్వహక్కులతో చెందవలసినది. ఇప్పటి పొట్టి విళ్ళలో నారి కోణంగా వంగి వేళ్ళను నలిపేస్తుంది. ఇది నలపదు. బతికుండగానే పట్టుకుపొమ్మన్నాను. "కుదరదు, కాగితం మీద రాయి. ఆ నాలుగో అంశం మీద నాకింకా కోపం పోలేదు" అన్నాడు. అందుకని వ్రాశాను.

వేళ్ళతోనే లాగాలన్న షరతు ఏదీ లేదు. పోయిన చలికాలం నుంచి నా రెండు వేళ్ళు మొద్దుబారాయి, నేనిక లాగను. దానికి బాధ లేదు. యాభై ఏళ్ళు లాగాను, చాలు. నిన్న ఉదయం విల్లును బల్లకు బిగించి, చువ్వ మర ఒకటిన్నర చుట్టు తిప్పి నారికి సూటిగా తెచ్చాను. ట్రిగ్గరు తగిలించడానికి నారికి చిన్న తాడు ముడి కట్టాను. ఇప్పుడిది నా చేతికి పనికిరాదు.

ఓయివా, ఇరవై గజాల నుంచి వేసి చూడు. ఈసారి ఎడమకు పోతే తప్పు నాదే.

2022 అక్టోబరు 22, శనివారం, కివియార్విలో నా వంటింటి బల్ల దగ్గర.

(సంతకం) రైనో కాంగస్
అక్షరాలు వంకరపోయింది వేళ్ళ మొద్దు వల్ల. మనసు తిన్నగానే ఉంది.

రైనో కాంగస్ మా ఎదుట సంతకం చేశాడని, మాకు ఇందులో ఏమీ రాదని తెలిసి వ్రాలు చేసిన సాక్షులు:
వెర్నన్ పెల్టో, పక్క పొలం
లెంపి హార్యు, తపాలా కార్యాలయం