ఎర్ర నోట్‌బుక్కు, రెండు గోడౌన్లు

ఫిబ్రవరి 10, 2003, సోమవారం
ఉ. 10.15. ఇవాళ్టి నుంచి ఎర్ర నోట్‌బుక్కు ముట్టను! ఇరవై ఏళ్ల చుట్టాల చిరునామాలన్నీ అందులోనే. కొట్టివేతలు, నూనె మరకలు. మూడేళ్ల కిందట గృహప్రవేశానికి రెండు పేజీలు అతుక్కుపోయి, నందిగామలో ఉన్న ఆడపడుచు బాలామణికి పిలుపు వెళ్లలేదు. అప్పటి నుంచి మాటల్లేవు. మార్చి 9న మా ఆయన షష్టిపూర్తి. ఈసారీ తప్పితే ఆ గుమ్మం మాకు మూసినట్టే.

అందుకే కంప్యూటర్లో డైరెక్టరీ సర్వర్. నిన్న మా తమ్ముడు గిరీష్ హైదరాబాదు నుంచి వచ్చి ఎక్కించి వెళ్లాడు. "ఆఫీసుల్లో వేలమంది పేర్లు ఇందులోనే ఉంటాయక్కా. ఒక్కరు జారిపోరు."

ఫిబ్రవరి 11
గిరీష్ ఫోన్లో పాఠం. "సర్వరంటే బావ కొట్లో కౌంటరు. బ్యాకెండంటే వెనక గోడౌను. ఏ సరుకు ఏ గోడౌన్లో ఉందో ఫైల్లో రాయాలి. నీకు ఒక్కటి చాలక్కా."

ఒక్కటా? కందిపప్పూ చింతపండూ ఒకే డబ్బాలో పోస్తామా! రెండు పెట్టాను. జగ్గయ్యపేట పెద్దింటికి ఒకటి, నందిగామ శాఖకి ఒకటి.

పాస్‌వర్డు వాడే పెట్టాడు. అర్థం పర్థం లేని పదహారు అక్షరాలు. ఎక్కడా రాయొద్దన్నాడు. రాయలేదు, నోట్‌బుక్కు వెనక అట్ట మీద తప్ప.

ఫిబ్రవరి 13
ఫైలు పైన 'శ్రీరామ' అని రాశాను. సర్వర్ లేవలేదు. ముందు ఒక గుర్తు పెడితే ఆ లైను పట్టించుకోదట. పెట్టాను. లేచింది! దేవుణ్ణి పట్టించుకోకపోతేనే లేస్తుంది కాబోలు.

ఇంకో నియమం: చిన్న శాఖని ముందు రాసి, పెద్దింటిని చివర్లో రాయాలట. పెద్దల్ని వెనక్కి నెట్టి చిన్నవాళ్లని ముందు కూర్చోబెడతామా? పెద్దింటినే పైన రాశాను. మర్యాద మర్యాదే.

ఫిబ్రవరి 16
నోట్‌బుక్కు తెరిచాను. చూసి ఎక్కించాలిగా! అది ముట్టడం కిందికి రాదు.
పెద్దిల్లు 128. నందిగామ 47. మొత్తం 175.

ఫిబ్రవరి 19
మ. 3.00. కరెంటు లేదు. పక్కింటి సౌభాగ్యమ్మగారు పెళ్లి వంటకి చందర్లపాడు వంటాయన నంబరు అడిగారు. నోట్‌బుక్కు తీశాను.
"పెట్టెలో పెట్టానన్నావు?"
"ఉందండీ. కరెంటొస్తే చెబుతుంది."
"అంతదాకా పెళ్లివారు ఆగాలా?"
ఇది లెక్కలోకి రాదు. పరాయివాళ్ల కోసం తీసింది.

ఫిబ్రవరి 21
జాబితా అచ్చు తీశాను. 128 పేర్లు! 175 రావాలి కదా? ఒకే ఇంటివాళ్లని కలిపేసి ఉంటుంది. తెలివైనది. నోట్‌బుక్కుతో సరిచూద్దామనుకున్నాను. ఉహూఁ, ముట్టకూడదు! ఈ ఒక్కరోజైనా మాట మీద నిలబడ్డాను. ఆయన ఆ జాబితా చూసి పిలుపు కార్డులన్నీ పోస్టు చేసేశారు.

ఫిబ్రవరి 27
ఉ. 11.30. గుమ్మంలో బాలామణి!
"ఏం వదినా, పోయినసారి పేజీలు అతుక్కున్నాయన్నావు. ఈసారి పెట్టెలో ఏం అతుక్కుంది?"
నందిగామలో నలభై ఏడిళ్లకీ ఒక్క కార్డు వెళ్లలేదు. ఆమె ఎదుటే గిరీష్‌కి ఫోన్ చేశాను.
"పెద్దింటిని పైన రాశావా అక్కా? అది పైనుంచి చదువుతుంది. పెద్దిల్లు 'అంతా నాదే' అనగానే అక్కడే ఆగిపోతుంది. నందిగామ గోడౌను తలుపే తియ్యదు. సరుకు మాత్రం లోపల భద్రంగా ఉంటుంది."
బాలామణికి అంతా చెప్పాను, నోట్‌బుక్కు ముట్టననుకున్న సంగతితో సహా. నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.
"మా పుట్టింటి పద్ధతి పెట్టెక్కూడా నేర్పావన్నమాట!"
"ఇవాళే కార్డులు పంపిస్తా."
"కార్డులు నాకొద్దు. వచ్చి బొట్టు పెట్టి పిలువు. నలభై ఏడిళ్లకీ."
నోట్‌బుక్కు తీసి సంచిలో వేసుకుంది. "ముట్టనన్నావుగా, నా దగ్గరుంటుందిలే." బస్సెక్కి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 28
ఉ. 9.00. మళ్లీ మొదలు! కొత్త వరుస కాగితం మీద రాశాను. ముందు నందిగామ, చివర పెద్దిల్లు.
"షష్టిపూర్తి నాది. నన్ను చివర్లో పెడతావా?" అన్నారాయన.
"మీరు ముందుంటే మీ చెల్లెలు కనబడదండీ."


9.20. ఫైలు తెరవబోతే పాస్‌వర్డు అడిగింది. గిరీష్‌కీ గుర్తులేదట. వెనక అట్ట మీద ఉంది. అట్ట నందిగామలో ఉంది.

రేపు ఏడున్నర బస్సు. కుంకుమ భరిణె, కార్డులు సర్దాను. మొదటి బొట్టు బాలామణికే. పాస్‌వర్డు ఆ తర్వాత అడుగుతాను.

ఎల్లుండి నుంచి ఎర్ర నోట్‌బుక్కు ముట్టను.