బొమ్మ బుగ్గ మీద చుక్క

చిట్టీ,
ఖిదిర్‌పూర్ నుంచి మీ అక్కని. నువ్వు కన్నుమూశాక నేను అనాథాశ్రమంలో పెట్టిన నీ కూతుర్ని స్వీడన్ వాళ్ళు పెంచుకుంటన్నారు. వచ్చే వారమే ప్రయాణం. పిల్ల కోసం సర్దిన గది ఫోటో పంపితే, ఆశ్రమం నడిపే దీదీ ఇయ్యాల నాకు చూపించింది.

తెల్ల మంచం, దాని మీద ఊలు టోపీ, పక్కనే గుడ్డబొమ్మ. బొమ్మ ఎడం బుగ్గ మీద మినపగింజంత నల్లచుక్క. ఆ చుక్క మీద వేలు పెట్టి అడిగాను.

"ఇదేటి దీదీ?"

"పాప ఫోటో పంపాం కదా. అందులో చూసి పుట్టుమచ్చనుకున్నారు. బొమ్మ కూడా పాపలాగే ఉండాలని నల్లదారంతో కుట్టారంట."

ఆ ఫోటో తీయించిన రోజు, దిష్టి తగులుతాదని నువ్వు నీ వేలితో పెట్టిన కాటుక అది.

విమానమెక్కే రోజు అదే బుగ్గ మీద నేను చుక్క పెట్టి పంపుతాను. అది లేకపోతే ఫోటోలో చూసిన నీ కూతురు కాదనుకుంటారు.